సుగ్గికి పోయే పిల్లల టీచర్ని

శ్రోతలకు నమస్కారం.

కర్నూలు జిల్లా పడమటి కొసన, కోసిగి వైపు ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచర్ని నేను. కాపురం ఆదోనిలో. పొద్దున బస్సు దిగి బడికి నడిచే దారిలో రెండు వైపులా నల్లరేగడి పొలాలు, ఎక్కువగా పత్తి, అక్కడక్కడ కంది, జొన్న. తుంగభద్ర దిగువ కాలువ నీళ్ళు అందే పొలాలు కొన్నే. మిగిలిందంతా వానను నమ్ముకున్న సేద్యం. బడి గురించి చెప్పడానికి వచ్చి పొలాల గురించి ఎందుకు చెబుతున్నానంటే, మా పిల్లల చదువు ఎన్ని నెలలు సాగుతుందో తేల్చేది ఆ పొలాలే.

మా ఊళ్ళలో పంట పని అయిపోయాక కూలి దొరకదు. దీపావళి దాటగానే కొందరు, సంక్రాంతికి అటూ ఇటూగా ఇంకొందరు, ఇంటికి తాళం వేసి, వంట సామాను, జొన్నలు, బియ్యం, గుడిసె మీద కప్పుకునే పట్టలు వాహనానికి ఎక్కించుకుని గుంటూరు, పల్నాడు వైపు బయలుదేరతారు. అక్కడ పత్తి తీయాలి, మిర్చి కోయాలి. దీన్నే మా దగ్గర సుగ్గికి పోవడం అంటారు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల్లో ఈ మాట తెలియని ఇల్లు ఉండదు. తిరిగి రావడం ఉగాదికి.

బడి జూన్ 12న తెరుస్తాం, ఏప్రిల్ దాకా నడుపుతాం. కాగితం మీద విద్యా సంవత్సరం అదే. నాకు మాత్రం జూన్ నుంచి దీపావళి దాకా ఉన్నదే అసలు సంవత్సరం. ఆలోపు ఒకటి, రెండు తరగతుల పిల్లలకు అక్షరం పట్టుబడాలి. 2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ అర్థం చేసుకుంటూ చదవడం, చిన్న లెక్కలు చేయడం రావాలన్నది దాని లక్ష్యం. మంచి లక్ష్యం, మనసారా ఒప్పుకుంటాను. కానీ మా పిల్లాడికి మూడేళ్ళంటే మూడేళ్ళు కాదు, ప్రతి ఏడాదిలోనూ నాలుగు నెలలు సుగ్గికే పోతాయి. వీడికి చదువు రాదు అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. హాజరుపట్టీ తెరిచి చూడండి, వాడు బడిలో ఉన్న రోజులెన్నో లెక్కపెట్టి అప్పుడు చెప్పండి అంటాను.

చదవడం నేర్పడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం అంటూ గుణింతం పాటలా అప్పజెప్పే పిల్లలు చాలామంది ఉంటారు. అదే పిల్లల ముందు 'కిటికీ' అని రాసి చూపిస్తే ఆగిపోతారు. నోటికి వచ్చింది కంటికి రాలేదన్నమాట. అందుకే అక్షరాలన్నీ పూర్తయ్యేదాకా ఆగను. నాలుగు అక్షరాలు రాగానే వాటితోనే మాటలు కట్టిస్తాను. ఒత్తులు కూడా అంతే, చివర్లో చెప్పాలని అట్టిపెట్టను. అమ్మ, అవ్వ, అక్క, అన్న, అన్నీ ఒత్తులున్న మాటలే. పసివాడి నోట మొదట వచ్చే మాటలు పుస్తకంలో ఆఖరున ఎందుకు రావాలి? మొదటి వారంలోనే నేల మీద సుద్దముక్కతో పెద్దగా రాసి, వేలు పెట్టి దిద్దిస్తాను.

చదువు వచ్చే క్షణం చెప్పి రాదు. పోయిన వానాకాలంలో రెండో తరగతి పిల్ల ఒకతె, నాతోపాటు రోడ్డు దాకా వచ్చింది. అటుగా కర్ణాటక బస్సు వెళుతుంటే ముందున్న బోర్డు చూసి "రా... య... చూ... రు" అని చదివేసింది. ఆ బోర్డు కన్నడంలో ఉంది. రెండు లిపులూ దగ్గర చుట్టాలు కదా, నేను నేర్పిన తెలుగు అక్షరాలతోనే ఆ పిల్ల పక్క భాష చదివేసింది. నా బస్సు వచ్చి ఆగినా ఎక్కాలనిపించలేదు. మరుసటి రోజు తరగతిలో ఆ మాట రెండు లిపుల్లో రాసి అందరికీ చూపించాను. ఇంటి దగ్గర సగం కన్నడం కలిపి మాట్లాడే పిల్లలు, వాళ్ళ ఉత్సాహం చూడాలి!

పొద్దున తొమ్మిదిలోపు ఫోన్‌లో ముఖం చూపించి నా హాజరు వేయాలి. బస్సు ఆలస్యమైతే అదొక టెన్షన్. ఆ తర్వాత పిల్లల హాజరు, భోజనానికి లెక్కలు, గుడ్ల లెక్క, చిక్కీల లెక్క, అన్నిటికీ ఫోనే. ఈ లెక్కలు ఉండాల్సిందే, తిండి పిల్లవాడి దాకా చేరాలంటే ఎవరో ఒకరు చూసుకోవాలి. కాకపోతే వాటికి పోయే సమయం పాఠంలోంచే పోతుంది. ఒకటి, రెండు తరగతులు నావి, మిగతా మూడు మా హెడ్మాస్టరు గారివి. ఒకరు ఫోన్ పట్టుకుంటే ఇంకొకరు ఐదు తరగతులూ చూడాలి.

మధ్యాహ్నం వంటక్క అన్నం వడ్డించే వేళ నాకు ఎంతో ఇష్టం. మన రాష్ట్రంలో బడుల్లో వేడిగా వండి పెట్టడం 2003లో మొదలైంది. ఇప్పుడు ఆ పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు ఉంది. ఆమె ఎవరు మేడం అని పిల్లలు అడిగితే, గోదావరి సీమలో లంకల గన్నవరం అనే ఊళ్ళో, ఆకలితో వచ్చినవాళ్ళకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన అమ్మ అని చెప్పాను. అప్పటినుంచి మా వంటక్కను పిల్లలు సీతమ్మక్కా అని పిలుస్తున్నారు. ఆమె మురిసిపోయి మరో గరిటె వేస్తుంది.

దీపావళి తర్వాత ఒక్కొక్కరే వచ్చి చెబుతారు. "సుగ్గికి పోతాండాం మేడం. బుడ్డోన్ని చూసుకునేకి పాప కావాల." తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఏడేళ్ళ పిల్ల బడి మానాలి. ఆ తల్లిని నేను తప్పు పట్టలేను. పొలం గట్టున పసివాణ్ణి ఒక్కణ్ణే వదిలి ఆమె మిరపకాయలు ఎలా కోస్తుంది? పిల్లలు ఊళ్ళోనే ఉండేలా ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు పెడుతుంది. మంచి ఏర్పాటు. అయితే అవి వలస మొదలయ్యాక కాదు, మొదలవకముందే తెరవాలి. తెరిచి ఉన్న హాస్టల్ కళ్ళారా చూస్తే తల్లి నమ్ముతుంది, తెరుస్తారట అంటే నమ్మదు. "అవ్వ కాడ ఇడ్సిపో తల్లీ, మధ్యాహ్నం అన్నం బడిలోనే కదా" అని నేను ఇంటింటికీ తిరుగుతాను. కొందరు వింటారు. మిగిలినవాళ్ళ సంచిలో పిల్లల కోసం ఒక కథల పుస్తకం, నోటుబుక్కు, రెండు పెన్సిళ్ళు పెట్టి పంపుతాను.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. మా అమ్మాయి పదో తరగతి. తన టైంటేబుల్ గోడకు అంటించుకుని, వారానికో పరీక్ష రాస్తుంది. ఒక్క రోజు బడి పోతే కంగారు పడిపోతుంది. ఆ కంగారు చూస్తున్నప్పుడు మా ఊరి పిల్లలు గుర్తొస్తారు, వాళ్ళ నాలుగు నెలలు గుర్తొస్తాయి. మా ఆయన పత్తి మార్కెట్‌లో గుమాస్తా. పత్తి వచ్చే రోజుల్లో ఆయన ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. అందుకని ఆదివారం పొద్దున మాత్రం నలుగురం కూర్చుని తినాలని మా అత్తమ్మ పట్టుబడుతుంది. ఉగ్గాని ఆమే చేస్తుంది, మిరపకాయ బజ్జీలు నా వంతు. "ఈ మిరపకాయలు మీ పిల్లోళ్ళు కోసినవేనేమో" అంది ఒకసారి. బజ్జీ మిరప వేరు, గుంటూరు ఎండుమిరప వేరు, ఆమెకు తెలియక కాదు. బడి పిల్లల కబుర్లు ఇంట్లో రోజూ చెప్పేదాన్ని కదా, వాళ్ళ మీద ఆమెకూ ప్రేమ పుట్టింది. ఈ ఏడాది సంచుల్లో పెట్టడానికి పెన్సిళ్ళు ఆమె పింఛను డబ్బుతో కొనిచ్చింది.

ఉగాదికి పిల్లలు తిరిగొస్తారు. ఎండకు నల్లబడి, చేతులు గరుకు తేలి, నన్ను చూడగానే పరుగెత్తుకొస్తారు. మర్చిపోయిన అక్షరాలు కొన్ని ఉంటాయి. వారం పది రోజులు కూర్చోబెడితే తిరిగొస్తాయి, ఆ నమ్మకం నాకుంది. సంచిలోని పుస్తకం నలిగిపోయి, కారం మరకలతో వస్తే నాకు ఎంత సంతోషమో! చదివారన్నమాట.

ఈ ప్రసంగం గుంటూరు, పల్నాడు రైతులు వింటుంటే వాళ్ళతో ఒక మాట. మీ పొలాలకు వచ్చిన మా పిల్లలను దగ్గర్లోని బడికి పంపించండి. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలులో ఉంది. టీసీ లేదనో, వయసు కాగితం లేదనో ఏ ప్రభుత్వ బడీ పిల్లవాణ్ణి వెనక్కి పంపకూడదు. అక్కడి టీచర్లకు ఇది తెలుసు, ఊరికి కొత్తవాళ్ళైన ఆ తల్లిదండ్రులకే తెలియదు. మీరు తోడు వెళ్ళి ఒక్క మాట చెబితే చాలు, చేర్చుకుంటారు. బడి లేని ఆదివారం పిల్ల గట్టు మీద కనిపిస్తే, సంచిలో పుస్తకం ఉందేమో అడగండి. ఉంటే ఒక పేజీ చదివించుకుని వినండి. తడబడితే కాసేపు ఆగండి, తనే చదువుతుంది.

నమస్కారం.