పేసర్ అంటే ఫస్ట్ వచ్చేవాడు కాదు సామీ!

(చేతిలో జెండా, వెనక నెల్లూరు స్టేడియం గేటు)

నమస్తే. ఈ జెండా మీద 4:30 అని ఉంది కదా, అది నేను తెల్లవారుజామున నిద్రలేచే టైం కాదు, నాతో వచ్చేవాళ్లు నాలుగున్నర గంటల్లో మారథాన్ ముగించాలని. వాళ్లను ఆ టైంకి చేర్చేలా పరిగెత్తేవాడినే పేసర్ అంటారు. హైదరాబాద్‌లో దీన్ని మోసుకుంటూ పరిగెత్తి ఊరికొస్తే, వేదాయపాళెం టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన అడిగిన మొదటి మాట, "ఏం అబ్బయా, ఫస్టా సెకండా?" పేసర్‌ని అని చెప్పా. "ఓహో, అందరికంటే స్పీడా!" ఆయన్ని అనుకుని ఏం లాభం, పరుగు పందేలకు వచ్చేవాళ్లలోనే చాలామంది ఇదే అనుకుంటారు. నాకు ఒళ్లు మండి తీస్తున్న వీడియో ఇది.

42.195 కిలోమీటర్లంటే నెల్లూరు నుంచి గూడూరు దాటి ఇంకాస్త. ఆ రూట్లో తిరిగే పల్లెవెలుగు బస్సు అనుకోండి. పేసర్ డ్రైవర్, జెండా బోర్డు. బస్సు వెంకటాచలానికి పది నిమిషాలు లేటుగా వస్తే తిట్టుకుంటూనైనా ఎక్కుతాం. అదే పది నిమిషాలు ముందే వచ్చి వెళ్లిపోతే? రోడ్డు మీద నిలబడి దుమ్ము తినడమే. పేసర్ చేయగల పెద్ద తప్పు అదే, ముందుగా వెళ్లిపోవడం.

నేను చేశాను కూడా. మొదటిసారి జనం అరుపులకు ఊపొచ్చి, సగం దూరానికి 2:15 పట్టాల్సింది 2:10కే చేరిపోయా. నాతో ఉన్నవాళ్లు కూడా సంబరపడ్డారు, ఐదు నిమిషాలు బ్యాంకులో వేసుకున్నామని. ఆ బ్యాంకు వడ్డీ ఇవ్వదు, వసూలు చేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఒంట్లో నిలవున్న గ్లైకోజెన్, అంటే కండరాల ఇంధనం, తొందరగా ఖర్చవుతుంది, 30 కిలోమీటర్లు దాటాక కాళ్లు బిగుసుకుపోతాయి. 32 దగ్గర వెనక్కి తిరిగితే ఒక్కరూ లేరు. ఖాళీ బస్సు! మనుబోలులో అందరినీ దింపేసి నేనొక్కడినే గూడూరు పోతున్నా.

మరి వేగంగా పరిగెత్తగలిగినవాడు నెమ్మదిగా పోవడం ఏం కష్టం అంటారా? నేను నాలుగు గంటల లోపే ముగించగలను, అందుకే నాకు నాలుగున్నర ఇస్తారు. చెమటలు కారుతున్నా జెండా మోస్తూ, మాట్లాడుతూ, "నీళ్లు తాగన్నా, భుజాలు వదులుగా పెట్టక్కా" అని చెప్పే ఓపిక మిగలాలి కదా. దీనికి జీతం ఉండదు. మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు.

టీవీలో చూసే పేసర్లు వేరు. 2019లో వియన్నాలో కెన్యా రన్నర్ కిప్‌చోగే మారథాన్ దూరాన్ని 1:59:40లో పరిగెత్తినప్పుడు 41 మంది పేసర్లు వంతులవారీగా ఆయనకు గాలి తగలకుండా చుట్టూ పరిగెత్తారు. అలా మధ్యలో మారడం రూల్స్‌లో లేదు కాబట్టి దాన్ని ప్రపంచ రికార్డుగా లెక్కపెట్టలేదు. అది కాన్వాయ్. మాది పల్లెవెలుగే.

ఇక లెక్క. నాలుగున్నర గంటలంటే కిలోమీటరుకు 6:24. కానీ వాచీలో 6:24 చూసుకుంటూ పోతే లేటవుతారు, ఎందుకంటే మలుపుల్లో, జనాన్ని తప్పించుకోవడంలో మనం కొలిచిన గీత మీద పరిగెత్తం, వాచీ చివరికి 42.6 చూపించినా ఆశ్చర్యం లేదు. అందుకే నేను వాచీలో 6:20 పట్టుకుంటాను, పక్కన పెట్టిన కిలోమీటరు బోర్డులనే నమ్ముతాను. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కొన్ని సెకన్లు వదిలేసి, దిగేటప్పుడు మెల్లగా తెచ్చుకోవాలి. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లకు కొదవ లేదు, చదునుగా ఉండే మా మైపాడు రోడ్డు మీద ప్రాక్టీస్ చేసినవాడికి అక్కడ తెలిసొస్తుంది!

(మావాడు బ్యాటరీ అయిపోతోందని సైగ చేస్తున్నాడు, తొందరగా చెప్పేస్తా.) మీరు నాకంటే రెండు నిమిషాలు వెనక స్టార్టింగ్ గీత దాటి ఉంటే, నన్ను పట్టుకోవాలని ఉరకొద్దు. మీరు గీత దాటినప్పటి నుంచే మీ టైం మీ టైమింగ్ చిప్‌లో లెక్కవుతుంది, మీరు వెంకటాచలంలో ఎక్కిన ప్యాసింజరు లెక్క. నీళ్ల దగ్గర తోసుకోకండి, కొంచెం ముందుకెళ్తే బల్ల ఖాళీగా ఉంటుంది. చివరి రెండు కిలోమీటర్లలో ఓపికుంటే నన్ను దాటేసి పొండి, నేనేమీ అనుకోను.

పోయినసారి 4:29:31కి చేరా. టీకొట్టు పెద్దాయనకు అదే చెప్పా, 29 సెకన్లు ముందొచ్చానని.

"అయితే ఫస్టే గదా," అన్నాడు.