బిగ్గర్ ఊరి సాండ్రా, ఆమె విసిరిన ఒక రాయి

అక్క: నమస్తే అండీ, మళ్లీ వచ్చేశాం. మా తమ్ముడు ముఖం అదోలా పెట్టుకుని కూర్చున్నాడు, ఎందుకంటే ఇవాళ్టి టాపిక్ కర్లింగ్.

తమ్ముడు: జుట్టు సంగతేమో అనుకున్నానక్కా. తీరా చూస్తే మంచు మీద చీపుళ్లతో ఊడ్చే ఆట! దీని మీద ఎపిసోడా?

అక్క: ఒలింపిక్స్ వచ్చినప్పుడల్లా ఆ మీమ్స్ ఫ్యామిలీ గ్రూపులో పడేసేది నువ్వే కదరా. సరే, ఇలా చూడు. మన క్యారమ్ బోర్డుని 45 మీటర్ల పొడవు సాగదీశారనుకో. స్ట్రైకర్ బదులు 18, 19 కిలోల గ్రానైట్ రాయి. అవతలి చివర వలయాలు గీసి ఉంటాయి, నడిమధ్యకి ఎవరి రాయి దగ్గరగా ఉంటే పాయింట్లు వాళ్లవి.

తమ్ముడు: మరి ఊడవడం ఎందుకు?

అక్క: ఆ ఐస్ అద్దంలా నున్నగా ఉండదు. నీటి తుంపరలు చల్లి గడ్డ కట్టిస్తారు, చెయ్యి పెడితే బొడిపెలు బొడిపెలుగా తగులుతుంది. రాయి ముందు గబగబా రుద్దితే పైపొర కాస్త వేడెక్కుతుంది, దాంతో రాయి ఇంకొంచెం దూరం పోతుంది, వంకర తిరగడం తగ్గుతుంది. అంటే రాయిని వదిలేశాక కూడా దాన్ని నడిపించొచ్చు, ముట్టుకోకుండా. పొరపాటున చీపురు తగిలిందో, ఆ రాయి పోయినట్టే.

తమ్ముడు: ఊఁ... అయితే కొంచెం పని ఉందన్నమాట.

అక్క: కొంచెమా! విను. సాండ్రా ష్మిర్లర్, 1963లో కెనడాలోని సస్కాచెవాన్‌లో బిగ్గర్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. ఆ ఊరి బోర్డు మీద ఏముంటుందో తెలుసా, న్యూయార్క్ పెద్దదే కానీ మాది బిగ్గర్ అని.

తమ్ముడు: (నవ్వు) పంచ్ బావుంది.

అక్క: తర్వాత రెజైనాలో సిటీవాళ్ల స్విమ్మింగ్ పూల్ సెంటర్‌లో ఉద్యోగం. కర్లింగ్ మీద బతికేంత డబ్బు అప్పట్లో ఎక్కడిది, పగలు పని, సాయంత్రం ఐస్. జాన్ బెట్కర్, జోన్ మెకస్కర్, మార్సియా గుడరైట్, ఈమె, నలుగురూ కలిసి 1993లో, 1994లో ప్రపంచ ఛాంపియన్లయ్యారు. 1997లో బెర్న్‌లో మూడోసారి, అప్పటికి సాండ్రా కడుపుతో ఉంది.

తమ్ముడు: కడుపుతోనా? ఆ రాయి పట్టుకుని ఐస్ మీద జారుతూనా?

అక్క: అవును. సెప్టెంబర్‌లో పాప పుట్టింది. నవంబర్‌లో బ్రాండన్‌లో ఒలింపిక్ ట్రయల్స్, అంటే కెనడా తరఫున ఒలింపిక్స్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే పోటీ. మనింట్లో అయితే బాలింతని గుమ్మం దాటనివ్వరు కదా, ఈమె వెళ్లి ఫైనల్ ఆడింది! అవతల షానన్ క్లీబ్రింక్ జట్టు. ఏడో ఎండ్, అంటే ఏడో రౌండ్ అనుకో, మ్యాచ్ ఎటైనా పోవచ్చు, క్లీబ్రింక్ రాయి మధ్యలో కూర్చుంది. సాండ్రా ఏం చేసిందంటే, నేరుగా దాన్ని కొట్టలేదు, పక్కనున్న ఇంకో రాయి అంచుకి తన రాయిని తగిలించింది, అది అక్కణ్ణుంచి లోపలికి మళ్లి మధ్యలో ఉన్నదాన్ని లేపేసింది. క్యారమ్స్‌లో రీబౌండ్ కొట్టినట్టే, కాకపోతే ముప్ఫై మీటర్ల దూరం నుంచి. ఒక్కసారే 3 పాయింట్లు. మ్యాచ్ 9-6తో సాండ్రా వాళ్లదే.

తమ్ముడు: అబ్బ! అది పొరపాటున తగిలింది కాదు కదా?

అక్క: కాదురా, అదే షాట్ అనుకుని అదే ఆడింది. కెనడాలో ఈరోజుకీ దాని గురించి చెప్పుకుంటారు. ఆ తర్వాత 1998లో జపాన్‌లోని నగానో ఒలింపిక్స్, ఆడవాళ్ల కర్లింగ్‌కి ఒలింపిక్ పతకం ఇవ్వడం అదే మొదలు. సెమీస్‌లో బ్రిటన్ మీద ఎక్స్‌ట్రా ఎండ్ దాకా వెళ్లి 6-5, ఎంత టెన్షన్ ఉంటుందో ఆలోచించు. ఫైనల్లో డెన్మార్క్ మీద 7-5తో గోల్డ్. కెనడా మగవాళ్ల జట్టేమో ఫైనల్లో స్విట్జర్లాండ్ చేతిలో ఓడిపోయింది, ఇది నేను కావాలనే చెప్తున్నా.

తమ్ముడు: తెలుస్తూనే ఉందిలే. తర్వాత?

అక్క: తర్వాత... 1999 జూన్‌లో రెండో పాప. ఆ ఏడాదే క్యాన్సర్ బయటపడింది. 2000 మార్చి 2న పోయింది, ముప్ఫై ఆరేళ్లు.

తమ్ముడు: ముప్ఫై ఆరేనా?

అక్క: ఆ. అంత్యక్రియలు టీవీలో లైవ్ ఇచ్చారు. అప్పుడే సస్కటూన్‌లో కెనడా మగవాళ్ల ఛాంపియన్‌షిప్ జరుగుతోంది, ఆ మధ్యాహ్నం మ్యాచ్‌లు వాయిదా వేశారు. ఆమె పనిచేసిన ఆ స్విమ్మింగ్ పూల్ సెంటర్‌కి ఇప్పుడు ఆమె పేరే. ఆమె పేరు మీద ఒక ఫౌండేషన్ కూడా ఉంది, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం ఆసుపత్రులకి పరికరాలు కొనిస్తుంది.

తమ్ముడు: అక్కా, ఆ బ్రాండన్ షాట్ వీడియో ఉందా?

అక్క: ఉంది, పంపిస్తా. మొదటిసారి సౌండ్ ఆపి చూడు, మనుషుల్ని వదిలేసి రాయినే చూడు. రెండోసారి సౌండ్ పెట్టుకో.