పతకం వేరు, ర్యాంకు వేరు

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, తోటి అధ్యాపకులకు, భోజనం చేసి వచ్చి కూడా మెలకువగా కూర్చున్న విద్యార్థులకు కృతజ్ఞతలు.

తిరుపతి లీలామహల్ కూడలి మీదుగా వచ్చాను. ఎటు చూసినా ర్యాంకుల బోర్డులే. చిన్న చిన్న ఫొటోలు, వాటికింద పెద్ద పెద్ద అంకెలు. వాటిని తప్పు పట్టే అర్హత నాకు లేదు. మా అమ్మాయి ఫొటో కూడా అక్కడికి ఎక్కాలని మా ఆవిడ ఇప్పటికే కొండకు మొక్కుకుంది. కానీ నేను చెప్పబోయే పోటీలో ఈ అంకెల లెక్క నడవదు.

దాని పేరు ఐజెమ్. సింథటిక్ బయాలజీ పోటీ. జన్యువులను ఇటుకల్లా పేర్చి, సూక్ష్మజీవి చేత మనకు కావలసిన పని చేయించే విద్య అది. 2003 జనవరిలో అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో ఒక చిన్న కోర్సుగా మొదలైంది. మరుసటి ఏడాది ఐదు జట్ల పోటీ అయింది. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వందల జట్లు వస్తాయి. 2022 నుంచి పారిస్‌లో జరుగుతోంది.

ఇటుకల మాట ఊరికే అనలేదు. ఎంఐటీలో టామ్ నైట్ అనే కంప్యూటర్ ఇంజనీరుకు, ఏ నట్టయినా ఏ బోల్టుకైనా పట్టినట్లు జన్యు ముక్కలు ఎందుకు పట్టకూడదు అనిపించింది. ప్రతి ముక్కకూ ముందొకటి, వెనకొకటి ఒకే రకం అంచులు కుట్టాడు. ఎక్స్‌బా-1, స్పె-1 అని రెండు ఎంజైములు ఉన్నాయి, డీఎన్ఏను కోసే కత్తెరలు. రెండూ కోసే చోట్లు వేరు, కోసిన అంచులు మాత్రం ఒకదానికొకటి అతుకుతాయి. అతికాక ఆ అతుకును ఈ రెండు కత్తెరల్లో ఏదీ మళ్లీ కోయలేదు. కాబట్టి రెండు ముక్కలు కలిపితే ఒక పెద్ద ముక్క, దానికీ మళ్లీ అవే అంచులు. ఎంత పొడవు మాల అయినా కట్టుకోవచ్చు. మొదటిసారి ఇది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను.

ఇక పతకాల సంగతి. కంచు, వెండి, బంగారం దేనికి ఏమేమి చేయాలో ముందే రాసిపెడతారు. అవి నెరవేర్చిన ప్రతి జట్టుకూ పతకం. పక్క జట్టుకు బంగారం వచ్చిందని మీ బంగారం తరగదు. బహుమతుల పోటీ విడిగా ఉంది, పెద్ద బహుమతికి లోహపు ఇటుక ఒకటి ఇస్తారు. కానీ ఎక్కువ మంది పిల్లలు ఏడాదంతా కష్టపడేది ఆ షరతుల కోసమే. ఆ షరతుల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. జట్టులో ఎవరు ఏ పని చేశారో, బయటివాళ్లు ఎంత సాయం చేశారో విడివిడిగా రాయాలి. మన ప్రాక్టికల్ రికార్డులకు ఈ నియమం పెడితే ఎన్ని మిగులుతాయో మీరే ఆలోచించుకోండి.

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా విద్యార్థులు 2006లో ఈ పోటీకి చేసిన పని ఉదాహరణగా చెబుతాను. బెంగాల్ బావుల్లో ఆర్సెనిక్ అనే విషం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. నీళ్లను చూస్తే తెలియదు, తాగితే తెలియదు. వీళ్లు ఈ-కొలై బ్యాక్టీరియాలో ఒక మార్పు చేశారు. ఆర్సెనిక్ తగిలితే చాలు, ఆ బ్యాక్టీరియా లాక్టోజును, అంటే పాలలోని చక్కెరను, విరగ్గొట్టి ఆమ్లంగా మారుస్తుంది. పాలు తోడుకున్నప్పుడు జరిగేదీ దాదాపు ఇదే. నీటి పులుపు పెరుగుతుంది, అందులో కలిపిన రంగు మారుతుంది. లక్షల రూపాయల యంత్రం చేసే పనికి పెరుగు ముంత తెలివి! అయితే పోటీలో మెప్పు పొందింది కదా అని బావి దగ్గరికి చేరిపోలేదు. జన్యువు మార్చిన జీవిని ప్రయోగశాల దాటించడం అంత తేలిక కాదు, కాకూడదు కూడా. పోటీ నియమాలూ దాన్ని ఒప్పుకోవు. మన దేశంలో 1989 నుంచి ఇందుకు ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. జట్టు కట్టాలనుకునేవాళ్లు మొదట వెళ్లవలసింది సంస్థలోని జీవభద్రతా సంఘం దగ్గరికి, ఆ తరువాతే స్పాన్సర్ల దగ్గరికి.

ఇదంతా ఎక్కడో విదేశాల్లో అనుకోకండి. ఏర్పేడు మనకు బస్సు దూరమే. అక్కడి ఐసర్ అనే సైన్సు విద్యాసంస్థ విద్యార్థులు 2021లో ఓవీక్లోక్ అనే ప్రాజెక్టుతో ఇదే పోటీకి వెళ్లారు. ఒక శుక్రకణం లోపలికి వెళ్లగానే అండం ఒవాస్టాసిన్ అనే ప్రొటీనును వదిలి, తన పైపొరను మిగతావాటికి మూసేస్తుంది. ప్రకృతి వేసుకునే గడియ అది. ఆ గడియనే ముందుగా వేయిస్తే? బ్యాక్టీరియా చేత ఆ ప్రొటీను చేయించి గర్భనిరోధానికి వాడాలని వాళ్ల ఆలోచన. మన ఊళ్లో ఆ మాట నలుగురిలో ఎత్తాలంటే నా వయసువాళ్లు గొంతు సవరించుకుంటారు. పిల్లలు దాన్నే ప్రాజెక్టుగా ఎంచుకున్నారు. నా దృష్టిలో సగం విజయం అక్కడే ఉంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం, మే నెల. ఈ-కొలైలోకి ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరాన్ని ఎక్కించే ప్రయోగం. కణాలను అరగంట ఐసులో ఉంచాలి, 42 డిగ్రీల నీటిలో ముప్పావు నిమిషం ముంచి, వెంటనే మళ్లీ ఐసులో పెట్టాలి. కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో ఐసు నీళ్లయింది. ఒక అమ్మాయి పరుగెత్తి గేటు బయటి చెరకు రసం బండి నుంచి గోనె గుడ్డలో ఐసు పట్టుకొచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. మరుసటి రోజు పళ్లెంలో బ్యాక్టీరియా చుక్క ఒక్కటి కూడా మొలవలేదు. "రికార్డులో ఏమి రాయమంటారు సార్?" అని అడిగింది. ఎగ్జామినర్ వచ్చేది వారంలో. చుక్కలు మొలిచాయనే రాయమ్మా అన్నాను. రాసింది. మార్కులు వచ్చాయి.

ఐజెమ్‌లో ప్రతి జట్టుకూ ఒక వికీ, అంటే తమ పని అంతా రాసిపెట్టే వెబ్‌సైటు ఉంటుంది, గడువు దాటాక దానికి తాళం పడుతుంది, ఇక ఏదీ మార్చలేరు. పాత జట్ల వికీలు చదవండి, డబ్బు అక్కరలేదు. "మూడుసార్లు చేశాం, రాలేదు, కారణం ఇది అనుకుంటున్నాం" అని రాసినవి కనిపిస్తాయి. తరువాతి ఏడాది మరో దేశపు జట్టు సరిగ్గా అక్కడి నుంచి మొదలుపెడుతుంది. ఆ అమ్మాయి రాసిన రికార్డు నుంచి ఎవరూ ఏదీ మొదలుపెట్టలేరు.

మొన్న మా మూడో సంవత్సరం పిల్లలు అదే ప్రయోగం చేశారు. ఆరు పళ్లేలు. నాలుగింటిలో ఏమీ లేదు, ఒకదానిలో బూజు, ఒకదానిలో పదకొండు చుక్కలు. ఆరూ పై అంతస్తు ల్యాబ్‌లో బల్ల మీద వరసగా పెట్టించాను, పక్కన వాళ్ల నోటుపుస్తకం తెరిచి ఉంది. సభ అయ్యాక టీ తాగి రండి. బూజు పట్టిన దాని మూత మాత్రం తీయకండి.