రెండు సీసాల పరీక్ష

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో టి.నగర్ ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వచ్చారంటే ప్లస్ టూ రిజల్ట్స్ వచ్చేశాయన్నమాట!

చెన్నైలో ఇరవై ఏళ్లకు పైగా ఫార్మసీ పాఠాలు చెబుతున్నాను. మన తెలుగువాళ్లు ఏటా అడిగే ప్రశ్న ఒకటే: "కాలేజీవాళ్లు ఏం చూస్తారండీ?" నిజం చెప్పనా? మన దగ్గర మార్కులు తప్ప ఏమీ చూడరు. తమిళనాడులో బీఫార్మసీ సీటుకు ప్లస్ టూ మార్కులే ఆధారం, నీట్ అక్కర్లేదు. ఆంధ్రా, తెలంగాణల్లో ఈఏపీసెట్ ర్యాంకు. ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి, మూడోది మ్యాథ్స్ అయినా బయాలజీ అయినా పర్వాలేదు. అంతే. ఈ చదువు నీకెందుకు బాబూ అని అడిగే నాథుడే ఉండడు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ఫార్మసిస్టు కావడానికి చదివే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ, అంటే ఫార్మ్‌డీలో చేరాలంటే ముందు కనీసం రెండేళ్లు కాలేజీ చదవాలి. పీక్యాట్ అని ఒక ప్రవేశ పరీక్ష ఉండేది, 2024 జనవరితో అదీ ఆగిపోయింది. ఇప్పుడు గ్రేడ్లు, టీచర్ల ఉత్తరాలు, సొంతంగా రాసిన వ్యాసం, ఆపైన ఇంటర్వ్యూ. మందుల షాపులోనో ఆస్పత్రిలోనో పనిచేసి ఉంటే దానికి చాలా విలువ. మన పిల్లలేమో బాబాయి మెడికల్ షాపులో కూర్చున్న సంగతి నామోషీ అనుకుని దాచేస్తారు!

అమెరికా మాట వచ్చింది కాబట్టి ఇదీ వినండి. ఇక్కడ చదివి అక్కడ ఫార్మసిస్టు లైసెన్సు కోసం వెళ్లాలంటే, 2003 నుంచి పట్టా పుచ్చుకున్నవాళ్లకు కనీసం ఐదేళ్ల కోర్సు ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్లే. మన దేశంలో 2008లో మొదలైన ఫార్మ్‌డీ అయితే ఆరేళ్లు. ఈ తేడా ఫైనలియర్లో తెలిసి నా దగ్గరకొచ్చి ఏడ్చినవాళ్లున్నారు.

ఇక నేనేం చూస్తానో చెబుతాను. కొత్త బ్యాచ్ రాగానే బల్ల మీద రెండు సీసాలు పెడతాను. రెండూ పిల్లల జ్వరం మందే, పారాసెటమాల్. ఒకటి చుక్కల మందు, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. రెండోది సిరప్, 5 మిల్లీలీటర్లకు 125. "సిరప్ అయిపోయిందమ్మా, తల్లి వచ్చి చుక్కల మందు ఇమ్మంది. ఎప్పట్లాగే 5 మిల్లీలీటర్లు పడుతుందట. ఇస్తారా?" అంటాను. సగం మంది ఇచ్చేస్తారు. ఒకటే మందు కదా అని వాళ్ల ధీమా. లెక్క వేసి చూడండి: 125 పడాల్సిన చోట 500 పడింది. నాలుగింతలు!

ఒక ఏడాది వెనక బెంచీ అమ్మాయి సీసా తీసుకుని వెలుతురుకు పట్టుకుంది. లేబుల్ మీది చిన్న అక్షరాలన్నీ చదివి, "సార్, పాప బరువెంత?" అంది. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన పది కిలోల పాపకు 150. అంటే ఈ చుక్కల మందు ఒకటిన్నర మిల్లీలీటర్లే. డాక్టరు రాసిన మోతాదును సరిచూసే పని మనది. ఆ అమ్మాయి మార్కులు మా క్లాసులో మధ్యరకం.

మార్కులంటే గుర్తొచ్చింది. భీమవరం నుంచి వచ్చిన మందుల శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి గట్టెక్కింది ఇక్కడికి దగ్గర్లోనే, ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో. బోదకాలు పురుగు మీద పనిచేసే హెట్రజాన్ ఆయన బృందం తెచ్చిన మందే. అలాగని మావాడూ తప్పుతాడని సంబరపడకండి!

ఫీజుల సంగతి నన్నడగొద్దు, అది మా ఆఫీసువాళ్లనే అడగాలి. సీసాలు రెండూ తెచ్చాను, అదిగో, ఆ బల్ల మీదున్నాయి. భోజనాలకు లేచే ముందు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చూడండి. అమ్మానాన్నలు పక్కనుంచి అందించకూడదు. ఈసారి పాప బరువు పన్నెండు కిలోలు.