హెచ్‌పీ చెప్పి డ్రైవ్ కొనకండి
(మిర్యాలగూడలో రైస్‌మిల్లు యజమానులు, ఎలక్ట్రీషియన్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, మిల్లు యజమానులకు నమస్కారం. వెనక నిలబడ్డ ఎలక్ట్రీషియన్ అన్నలు ముందుకొచ్చి కూసోండి. ఈ ముచ్చట ఎక్కువగా మీతోనే.

మోటారు వేగాన్ని పెంచే, తగ్గించే డబ్బానే డ్రైవ్ (వీఎఫ్‌డీ). దాన్ని కొననీకి పోతే దుకాణంల మొదటి ప్రశ్న "ఎన్ని హెచ్‌పీ?" మనం "ఇరవై" అంటం, డబ్బా చేతికొస్తది. సీజన్ల ట్రిప్పయితే కంపెనీని తిడతం. అసలు అడగాల్సింది, ఆ మోటారు దేన్ని తిప్పుతది అని.

ఊక లాగే బ్లోయర్ ఉంది. 50 హెర్ట్జ్ నుంచి 40కి దించితే అది తీసుకునే పవర్ దాదాపు సగమైతది. దానికి నార్మల్ డ్యూటీ డ్రైవ్ చాలు, నిమిషం సేపు 110 శాతం కరెంటు ఇస్తది. వడ్లను బకెట్లతోని పైకెత్తే ఎలివేటర్ అట్ల కాదు. బకెట్ల నిండ వడ్లుండంగ కరెంటు పోయి వచ్చిందనుకోండి, మొదటి చుట్టే నిండు బరువుతోని తిరగాలె. అక్కడ నిమిషం సేపు 150 శాతం ఇచ్చే హెవీ డ్యూటీ కావాలె. చాలా డ్రైవ్‌ల మీద రెండు రేటింగులూ రాసి ఉంటయి, నార్మల్‌కు 15 కిలోవాట్లు, హెవీకి 11 అని. అమ్మేటాయన పెద్ద అంకెనే చదువుతడు.

అందుకే ఆంపియర్లు చూడండి. 20 హెచ్‌పీ, 415 వోల్టుల, నాలుగు పోళ్ల మోటారు సుమారు 28 ఆంపియర్లు తీసుకుంటది. అదే హెచ్‌పీ ఎనిమిది పోళ్లదైతే ఇంకా ఎక్కువ. రివైండింగ్ చేసిన మోటారైతే నేమ్‌ప్లేటును నమ్మకుండ, నిండు లోడు మీద టంగ్ టెస్టర్ (తీగ చుట్టు పట్టి ఆంపియర్లు కొలిచే మీటర్) పెట్టి చూడండి. ఎలివేటర్ లాంటి బరువుకైతే డ్రైవ్ హెవీ డ్యూటీ ఆంపియర్లు దానికన్న తగ్గొద్దు.

ఇంకోటి, చాలా డ్రైవ్‌ల రేటింగు 40 డిగ్రీలకే లెక్క. మన నల్లగొండ ఎండ ఎట్లుంటదో మీకు నేను చెప్పాల్నా? ప్యానల్ లోపల ఇంకా పెరుగుతది. వేడి పెరిగితే రేటింగు ఎంత తగ్గుతదో మాన్యువల్‌ల తగ్గింపు పట్టిక ఉంటది, చూసి ఒక సైజు పెంచుకోండి. తవుడుల నూనె ఉంటది కాబట్టి దుమ్ము హీట్‌సింక్ (డ్రైవ్ వేడిని బయటికి వదిలే లోహపు ముక్క) రెక్కలకు బంకలెక్క పడ్తది, ఊదినా పోదు. బోర్డును వేరే గదిల పెట్టండి, కుదరకపోతే దుమ్మును ఆపే ఐపీ 54 డబ్బా తీసుకోండి.

ఇప్పుడు అసలు బాధ చెప్తా. కొత్త డ్రైవ్ పెట్టి, మోటారును ముందు తక్కువ వోల్టేజీ మీద (స్టార్), తర్వాత నిండు వోల్టేజీ మీద (డెల్టా) నడిపే పాత స్టార్-డెల్టా స్టార్టర్‌ను అట్లనే వదిలేస్తున్నరు! డ్రైవ్‌కు, మోటారుకు నడుమ! స్టార్ నుంచి డెల్టాకు మారంగనే స్టార్టర్‌ల కరెంటు కలిపే, తెంపే కాంటాక్టర్ తెరుచుకుంటది, ఓవర్‌కరెంట్ ట్రిప్ వస్తది, ఒక్కోసారి డ్రైవ్ లోపలి పవర్ స్విచ్, ఐజీబీటీనే పోతది. నేమ్‌ప్లేటు మీద 415 డెల్టా అని ఉంటే ఆరు తీగలను మోటారు దగ్గర్నే డెల్టా కలపండి: యూ1కు డబ్ల్యూ2, వీ1కు యూ2, డబ్ల్యూ1కు వీ2. స్టార్టర్‌ను పీకెయ్యండి. మోటారు టెర్మినల్‌కు కట్టిన కెపాసిటర్ ఉంటే దాన్ని కూడ పీకెయ్యండి. డ్రైవ్ ఔట్‌పుట్ దిక్కు కెపాసిటర్ ఉండొద్దు. మళ్ల చెప్తున్న, ఉండొద్దు. యజమానులారా, స్టార్టర్‌కు పైసలు పెట్టినమని దాచుకోకండి.

బ్లోయర్‌ను అయిదు సెకన్లల ఆపాలని సెట్ చేస్తే, తిరిగే బరువు మోటారును జనరేటర్ చేస్తది, ఆ కరెంటు తిరిగి డ్రైవ్‌ల చేరి లోపలి వోల్టేజీ పెరుగుతది, డ్రైవ్ "డీసీ బస్ ఓవర్‌వోల్టేజ్" అని చూపెడ్తది. ఆగే సమయం పెంచండి. తొందరగ ఆగాలంటే ఆ కరెంటును వేడిగ మార్చి వదిలే బ్రేకింగ్ రెసిస్టర్ కావాలె. కేబుల్ 50 మీటర్లు దాటితే ఔట్‌పుట్ చోక్ (డ్రైవ్‌కు, మోటారుకు నడుమ పెట్టే కాయిల్) గురించి మాన్యువల్‌ల చూడండి, పాత ఇన్సులేషన్ అయితే తప్పదనుకోండి. ఎలివేటర్‌ను 20 హెర్ట్జ్ కింద గంటల తరబడి నడిపితే మోటారు షాఫ్ట్ మీది ఫ్యాన్ గాలి చాలదు, వేరే ఫ్యాన్ పెట్టాలె.

వేగం ఎన్నడూ మార్చని యంత్రానికైతే డ్రైవే వద్దు. మోటారును మెల్లగ మొదలుపెట్టే సాఫ్ట్ స్టార్టర్ చాలు.

బయట ప్యానల్ తెరిచి చూపిస్త, రండి. మెయిన్ ఆఫ్ చేసినంక పది నిమిషాలు ఎవ్వరూ చెయ్యి పెట్టొద్దు, లోపల కెపాసిటర్లల 580 వోల్టుల దాక నిలిచి ఉంటది. మీటర్ పెట్టి చూసినంకనే ముట్టుకుందాం.