అమ్మ పెట్టె, ఇంట్లో జ్వరాలు

అందరికీ నమస్కారం. హోమియో గురించి మాట్లాడమన్నారని మా అమ్మ పెట్టె పట్టుకొచ్చాను. ఇదిగో. పోపుల డబ్బా కంటే కొంచెం పెద్దది. లోపల వేలెడంత సీసాలు, వాటికి అమ్మ చేతిరాత చీటీలు: రస్టాక్స్, బ్రయోనియా, నక్స్‌వామికా, బెల్లడోనా. హనుమకొండలో మేమున్న గల్లీలో సాయంత్రమైతే ఎవరో ఒకరు పిల్లను ఎత్తుకుని వచ్చేవాళ్లు. "పెద్దమ్మా, పోరికి జెరం వచ్చింది" అంటే అమ్మ కూర్చోబెట్టి అడిగేది. దాహం ఎట్లుంది? చలి పెడుతుందా? కదిలితే నొప్పి ఎక్కువవుతుందా, తగ్గుతుందా? అరగంట అడిగి, నాలుగు గోళీలు నాలుక మీద వేసేది.

నేను సర్కారు దవాఖానలో ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యాను. మా కౌంటర్ ముందు ఒక్కో మనిషికి నిమిషం కూడా దొరికేది కాదు. అమ్మ దగ్గరికి జనం ఎందుకు వచ్చేవాళ్లో నాకు అక్కడ అర్థమైంది. కాబట్టి ఈ పెట్టెను ఎగతాళి చేయడానికి నేను రాలేదు. కాకపోతే ఈ సీసాలో ఏముందో చెప్పకుండా ఊరుకోలేను.

చీటీ మీద 30 అని ఉంది చూడండి. అంటే ఒక చుక్క మందును 99 చుక్కల నీళ్లలోనో, ఆల్కహాల్‌లోనో కలిపి, అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ 99లో కలిపి, అట్లా 30 సార్లు. లెక్క మన కళ్లకు కట్టాలంటే ట్యాంకర్‌తో చెప్తాను. నాలుగోసారికే మొదటి చుక్క 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్‌లో కలిపినంత పలచన. అయిదోసారికి వంద ట్యాంకర్లు. ఆరోసారికి పదివేలు, అంటే ఒక చిన్న కుంట. పన్నెండు దాటితే అసలు మందు అణువు ఒక్కటైనా మిగిలి ఉంటుందని చెప్పలేం. ముప్ఫై దాకా పోవాలంటే భూమినంతా నీళ్లు చేసినా చాలదు. ఆ నీళ్లో, ఆల్కహాలో చక్కెర గోళీల మీద పోస్తారు. ఆరిపోయాక మిగిలేది చక్కెర.

దీన్ని మొదలుపెట్టిన హానిమన్ జర్మనీ డాక్టరు. 1755లో పుట్టాడు. ఆ కాలపు వైద్యులు జబ్బేదైనా రక్తం తీసేవాళ్లు, పాదరసం మింగించేవాళ్లు. అట్లాంటి వైద్యం కంటే చక్కెర గోళీ వెయ్యి రెట్లు నయం, ఆ మాట ఒప్పుకోవాలి. 1790లో ఆయన సింకోనా బెరడు తిని చూస్తే చలిజ్వరం లాంటి లక్షణాలు కనిపించాయట. చలిజ్వరాన్ని తగ్గించేదీ ఆ బెరడే కదా, అయితే ముల్లును ముల్లుతోనే తీయాలి అనుకున్నాడు. ఆ చలిజ్వరం, అంటే మలేరియా, దోమతో వస్తుందన్న గుట్టు ఎక్కడ బయటపడిందో తెలుసా? మన సికింద్రాబాద్‌లో. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి మలేరియా క్రిమిని చూశాడు. సింకోనాలోని క్వినైన్ రక్తంలో ఉన్న ఆ క్రిమిని చంపుతుంది కాబట్టి జ్వరం తగ్గుతుంది. ముల్లుకూ దానికీ సంబంధం లేదు.

"మరి మా పిల్లకు తగ్గింది కదా" అంటారు. తగ్గింది. జలుబు, వైరల్ జ్వరం, కళ్లకలక, ఇవి చాలామందికి గోళీ వేసినా వేయకున్నా వాటి రోజులు అవి తీసుకుని పోతాయి. సెగగడ్డ పండి పగిలిన రోజున పెట్టెలోంచి సిలీషియా ఇచ్చి ఉంటే ఆ పేరు సిలీషియాకు వస్తుంది.

ఎక్కువ భయం డెంగీతో. డెంగీలో జ్వరం మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల దిగుతుంది, అసలు ప్రమాదం ఆ దిగే సమయంలోనే మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు గోళీ పనిచేసిందని ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మనిషి మత్తుగా పడి ఉండటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా మన వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి బయలుదేరండి. ఈలోపు పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి బిళ్లా వద్దు. టీబీ, మలేరియా, పసిపిల్లల విరేచనాలకు హోమియోను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే హెచ్చరించింది. టీబీకి ఆరు నెలల మందులు సర్కారు దవాఖానలో ఉచితం, డబ్బుల సాకు కూడా లేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. బాపుకు షుగర్. చెప్పు కరిచి కాలి బొటనవేలు పక్కన చిన్న పుండు పడింది. అమ్మ కాలెండులాతో కడిగి, గోళీలు మొదలుపెట్టింది. నేను ఇంట్లోనే ఉన్నాను. రోజూ దవాఖానలో షుగర్ పేషెంట్లకు కాళ్లు చూసుకోండని చెప్పేదాన్ని, ఇంట్లో అమ్మ మాట కాదనలేక ఊరుకున్నాను. పద్దెనిమిది రోజులు. కట్టు విప్పితే వాసన వచ్చింది. వేలు నల్లబడింది. ఆపరేషన్ చేసి రెండు వేళ్లు తీసేశారు. బాపు ఒక్క మాట అనలేదు. అమ్మ ఈ పెట్టెను అటక మీద పెట్టేసింది, గల్లీవాళ్లు అడిగినా దించలేదు. తప్పు అమ్మది మాత్రమే అని నేను ఏనాడూ అనుకోలేదు.

ఇంతా విని, అయితే యాంటీబయాటిక్ వేసేద్దాం అనుకుంటున్నారేమో, ఆగండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన స్ట్రిప్, పోయిన ఏడాది మిగిలిన మూడు బిళ్లలు, ఆర్‌ఎంపీ పొడిచిన సూది, వైరల్ జ్వరానికి ఇవీ పనిచేయవు. పైగా గోళీలో లేని నష్టం వీటిలో ఉంది. అవసరం లేకుండా వాడగా వాడగా క్రిములు మొండికేస్తాయి, నిజంగా అవసరమైన రోజున మందు పారదు.

జ్వరం మొదలైన తేదీ మాత్రం కాగితం మీద రాసి గోడకు అంటించండి. "నాలుగైదు దినాలైతుండొచ్చు" అంటే డాక్టరుకు చాలదు. మూడో రోజు కూడా తగ్గకపోతే రక్తపరీక్షకు పోండి.

విరేచనాలకు ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసు నీళ్లలో సగం గుమ్మరించి తాగించేవాళ్లను ఎంతమందినో చూశాను, అట్లా చిక్కగా ఇస్తే పిల్లకు చేటే. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, తలకొట్టి కొలవాలి. అమ్మ చక్కెర గోళీల కంటే ఈ చక్కెర చాలా పని చేస్తుంది. ముందు వరసలో ఎవరి దగ్గరైనా లీటరు సీసా ఉంటే ఇట్లా ఇవ్వండి, కలిపి చూపిస్తాను.