‘అనుమానం వచ్చినా చెప్పాలి’ అని కాంట్రాక్టులో ఉంటే గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

నమస్కారమండి. బెంగళూరులో పది పదిహేను మందితో సాఫ్ట్‌వేర్ సర్వీసులు నడుపుతున్న మనవాళ్లు కాంట్రాక్టులో రేటు, పేమెంటు గడువు పదిసార్లు చదువుతారు. చివర్లో ఉండే డేటా సెక్యూరిటీ పేజీకి మాత్రం చదవకుండానే సంతకం పెట్టేస్తారు. ఇవాళ ఆ పేజీలో ఉండే ‘సస్పెక్టెడ్’ అనే మాట గురించి మాట్లాడుకుందాం.

క్లాజు మామూలుగా ఇలా ఉంటుంది: ‘క్లయింటు డేటాను అనుమతి లేకుండా ఎవరైనా చూసినా, తీసుకున్నా, అలా జరిగిందని అనుమానం వచ్చినా 24 గంటల్లో తెలియజేయాలి.’ అంటే డేటా ఒక్క ముక్క కూడా పోకపోయినా, చెప్పడం ఆలస్యమైతే చాలు, కాంట్రాక్టు ఉల్లంఘన జరిగినట్టే. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

మరి అనుమానం ఎవరికి రావాలి? నైట్ షిఫ్టులో ఉన్న ట్రైనీకి వచ్చినా లెక్కేనా? కాంట్రాక్టులో ఏమీ రాయకపోతే, లెక్కే అని క్లయింటు లాయరు వాదిస్తాడు. అందుకే ‘సహేతుకమైన అనుమానం’ అని రాయించండి. సెక్యూరిటీ బాధ్యత చూసే ఫలానా హోదాలోని మనిషికి తెలిసినప్పటి నుంచే గంటలు లెక్కపెట్టాలని కూడా అడగండి. అయితే ఎవరికి ఏం కనిపించినా గంటలోపు ఆ మనిషికి చేరే పద్ధతి మీ ఆఫీసులో నిజంగా ఉండాలి. లేకుండా అడిగితే అది తప్పించుకునే ఎత్తుగడే అవుతుంది.

‘ప్రయత్నం జరిగినా’ అన్న ముక్క ఉంటే కొట్టేయించండి. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న ఏ సర్వరుకైనా పోర్ట్ స్కాన్లు (ఎక్కడ దారి తెరిచి ఉందో బయటినుంచి వెతకడం), తప్పుడు పాస్‌వర్డులు రోజంతా వస్తూనే ఉంటాయి. విఫలమైన ప్రయత్నాలు లెక్కలోకి రావని స్పష్టంగా రాయాలి.

ఇప్పుడు ఒక సందర్భం ఊహించండి. శుక్రవారం రాత్రి 11:40, మారతహళ్లి ఆఫీసు. క్లయింటు డేటా ఉన్న ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) అకౌంటులో, మీవాళ్లెవరూ లేని దేశం నుంచి యాక్సెస్ కీ (పాస్‌వర్డు లాంటి రహస్య కోడ్) వాడినట్టు అలర్టు వచ్చింది. కీ పనిచేసింది. డేటా బయటికి వెళ్లిందో లేదో ఇంకా తెలియదు. ఇది సహేతుకమైన అనుమానమే. 24 గంటలూ ఇప్పటి నుంచే మొదలు, సోమవారం నిర్ధారణ చేసుకున్నాక కాదు.

కంగారులో జరిగే పెద్ద తప్పు, సర్వరును టెర్మినేట్ చేసి కొత్తది లేపడం. దాంతో ఆధారమే పోతుంది. కీని డిలీట్ చేయకండి, ఇనాక్టివ్ చేయండి. సర్వరును మిగతావాటి నుంచి వేరు చేసి, డిస్క్ స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి. అకౌంటులో ఎవరు ఏం చేశారో నమోదు చేసే లాగులు, ఏడబ్ల్యూఎస్ వారి క్లౌడ్‌ట్రయల్ ఈవెంట్ హిస్టరీలో 90 రోజులవే దొరుకుతాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ మాత్రం లాగులు 180 రోజులు ఉంచమంటుంది. కాబట్టి లాగులు ఎస్3లో (ఏడబ్ల్యూఎస్ ఫైళ్ల నిల్వలో) పడేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి.

సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి ఘటన గమనించిన 6 గంటల్లో దానికి రిపోర్టు చేయాలి. మన లెక్కలో శనివారం తెల్లవారుజామున 5:40. క్లయింటు 24 గంటలు ఇచ్చాడు కదా అని కూర్చుంటే ఇది దాటిపోతుంది. ప్రభుత్వ సంస్థలకు చెప్పడం గోప్యత క్లాజు కిందికి రాదని కూడా రాయించుకోండి.

క్లయింటు 24 గంటలు అడగడం దౌర్జన్యం కాదు. యూరప్ క్లయింటుకు అక్కడి డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కింద నియంత్రణ సంస్థకు చెప్పడానికి 72 గంటలే ఉంటాయి. 2025 నవంబరులో వచ్చిన మన డీపీడీపీ (వ్యక్తిగత డేటా రక్షణ) రూల్స్‌లోనూ డేటా ప్రొటెక్షన్ బోర్డుకు పూర్తి వివరాలు ఇవ్వడానికి అంతే గడువు. ఆ భాగం రూల్స్ వచ్చిన 18 నెలల తర్వాత అమల్లోకి వస్తుంది. మీ కింద సబ్ కాంట్రాక్టరు ఉంటే అతనికి 12 గంటలే పెట్టండి.

మొదటి మెయిల్లో ఎప్పుడు కనిపించిందో భారత కాలమానంలోనూ యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం)లోనూ రాయండి. ఏ సిస్టమ్, ఇప్పటిదాకా ఏం చేశారు, మళ్లీ ఎప్పుడు రాస్తారు, అంతే. ‘లీకైంది’ అని రాయకండి, ‘ఏమీ పోలేదు’ అని అసలే రాయకండి. తెలియజేసినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదన్న వాక్యం కాంట్రాక్టులో ఉండి తీరాలి. అది లేకపోతే భయపడి అందరూ నోరు మూసుకుంటారు, నష్టం క్లయింటుకే. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులోనే పంపాలని వేరే పేజీలో ఉందేమో కూడా చూడండి. ఉంటే, ఇలాంటి ఘటనలకు ఫలానా ఈమెయిల్ చాలని మార్పించుకోండి.

ఇక డబ్బు. ఫోరెన్సిక్ (ఏం జరిగిందో నిపుణులతో తవ్వి చూపించే) ఖర్చు మీమీద పడేది తప్పు మీదని తేలినప్పుడే అని రాయించండి. అనుమానం మీదే కాంట్రాక్టు రద్దు చేసే హక్కుకు ఒప్పుకోకండి. ఒక్కో ఘటనకు ఇంత పరిహారం కట్టాలని మొత్తం రాసి ఉన్నా, 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం అది గరిష్ఠ పరిమితి. కోర్టు దానికి లోబడి సహేతుకమైన పరిహారమే ఇప్పిస్తుంది.

చాలా కాంట్రాక్టుల్లో అనుమానం ఎప్పుడు ముగుస్తుందో ఉండదు. 15 రోజుల్లో మీరు రాతపూర్వక నివేదిక ఇవ్వాలి, 10 రోజుల్లో క్లయింటు ప్రశ్నలు అడగాలి, అడగకపోతే ఫైలు మూసినట్టే అని పెట్టించుకోండి. ఆ నివేదికలో ‘లాగులు చూశాం, డేటా తీసిన జాడ లేదు’ అన్నదీ, ‘లాగులు లేవు కాబట్టి జాడ దొరకలేదు’ అన్నదీ వేర్వేరుగా రాయండి. రెండోదాన్ని మొదటిదానిలా రాసి పంపితే, అప్పటిదాకా లేని తప్పు అప్పుడు మీ చేతులారా చేసినట్టవుతుంది.